టైఫాయిడ్ తర్వాత జుట్టు రాలడం: బయోటిన్ వాడాలా?

అమ్మా, పర్లాకిమిడి నుంచి మీరు రాసింది చదివాను. టైఫాయిడ్ తగ్గిన మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తోందని, మందుల షాపులో 10 మిల్లీగ్రాముల బయోటిన్ (జుట్టుకని అమ్మే ఒక బీ విటమిన్) మాత్ర ఇచ్చారని రాశారు. టెన్షన్ పడకండి. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు ఇలా రాలడం మామూలే. కుదుళ్ళు చచ్చిపోవు, చాలామందికి ఆరు నెలల్లో తగ్గుముఖం పడుతుంది.

మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములే, మీకిచ్చిన 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు. అది లోపించడం అరుదు. పైగా ఆ మాత్ర థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలదు. కాబట్టి ముందు అది ఆపి, రెండు మూడు రోజులాగి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి, బీ12 చేయించండి. ఆడవాళ్ళలో ఎక్కువగా తక్కువుండేది ఐరనే. తక్కువని తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి, టీతో మాత్రం వద్దు, నిమ్మరసంతో మంచిది. విటమిన్ ఎ, సెలీనియం ఉన్న మల్టీవిటమిన్లు రెండు మూడు కలిపి మింగకండి, అవి ఎక్కువైనా జుట్టు రాలుతుంది. గుడ్డు, పప్పు, ఉలవచారు రోజూ తినండి.

పాపిట వెడల్పవుతున్నా, గుండ్రంగా మచ్చల్లా ఊడుతున్నా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. రిపోర్టులు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తాను.