వీపున సంచితో తొలిసారి మన్యం వెళ్లే నీకు

అమ్మలూ,

డిసెంబరులో నువ్వూ నీ స్నేహితురాలూ వీపున సంచులు వేసుకుని అరకు, పాడేరు వైపు మూడు రోజులు తిరిగొస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను నచ్చజెప్పి ఆపుతానని ఆమె ఆశ. నేను మాత్రం వెళ్లమనే అంటాను. చేతిలో ఇంకా నెల రోజులున్నాయి. ఈలోపు నువ్వు చేసుకోవాల్సిన పని ఒకటుంది, దానికి విశాఖ దాటి వెళ్లక్కర్లేదు.

ముందు బరువు సంగతి. కొత్తవాళ్లకి ప్రయాణం చేదెక్కేది చాలామట్టుకు సంచి బరువు వల్లే. నీళ్లతో సహా మొత్తం నీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. నువ్వు 50 కిలోలుంటే 10 కిలోలన్నమాట. ఖాళీ సంచి కిలోన్నర, స్లీపింగ్ బ్యాగు కిలో, టెంటులో నీ వాటా కిలోం బావు, కింద పరుచుకునే మ్యాటు 400 గ్రాములు, బట్టలు కిలోం బావు, రెండు రోజుల తిండి కిలోం బావు, నీళ్లు రెండున్నర, మందులూ టార్చీ వగైరా ముప్పావు కిలో. ఇక్కడికే పది అయిపోయింది, చూశావా! ఇంకో జీన్స్ ప్యాంటు పెట్టాలంటే ఏదో ఒకటి తీయాల్సిందే. ప్రతి వస్తువునూ కాటా మీద పెట్టి కాగితం మీద రాసుకో. అందాజాగా అనుకున్న బరువు ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది.

సంచి 45 లీటర్లది చాలు. 65 లీటర్లది కొంటే ఖాళీ కనబడిన చోటల్లా ఏదో ఒకటి కుక్కుతావు. కొనేటప్పుడు రంగు కంటే ముందు నడుము పట్టీ చూడు. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచుకి సమానంగా గీత గీసినట్టు అనుకున్న చోటు దాకా వీపు పొడవు టేపుతో కొలిపించుకో. సంచి వీపు కొలత దానికి సరిపోవాలి. షాపులో ఖాళీ సంచి తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. అయిదారు కిలోలు వేయించి పది నిమిషాలు అక్కడే తిరుగు.

తగిలించుకునే వరస కూడా ఉంది. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యి. సంచి వీపున వేసుకుని కాస్త ముందుకి వంగి, నడుము పట్టీని తుంటి ఎముకల మీదికి తెచ్చి బిగించు. అది పొట్ట మీద ఉంటే ఊపిరి ఆడదు, కిందికి జారితే తొడ కదలదు. ఎముక మీద కూర్చోవాలి. ఆ తర్వాతే భుజం పట్టీలు, అవీ సంచి వీపుని తాకేంత వరకే. ఆపైన భుజాల మీది చిన్న పట్టీలు, చివర ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరితే భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరుతుంది, బరువులో మూడొంతులు నడుమే మోస్తుంది. గంట నడిచేసరికి మెడ నరాలు లాగుతుంటే నడుము పట్టీ జారిందని అర్థం. ఆగి, మళ్లీ మొదటి నుంచి కట్టుకో.

సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగు అడుక్కి, బరువైన తిండీ నీళ్లూ మధ్యలో వీపుకి ఆనించి, తేలిక బట్టలు చుట్టూ, స్వెట్టరు, టార్చి పైన. బరువు బయటి జేబుల్లోకి పోతే సంచి వెనక్కి గుంజుతుంది, దాన్ని ఆపడానికి నువ్వు గూనిగా ముందుకి వంగి నడుస్తావు. లోపల మొత్తానికీ ఓ పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి తొడుగు వెయ్యి. పైన కప్పే రెయిన్ కవర్ ఒక్కటే నమ్ముకుంటే వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి.

ఇప్పుడు ఆ నెల రోజుల పని. మొదటి వారం నాలుగు కిలోలతో ఆర్కే బీచ్ రోడ్డు మీద సాయంత్రం గంటసేపు నడువు. రెండో వారం ఏడు కిలోలతో కైలాసగిరి మెట్లు. మూడో వారం పదితో సింహాచలం మెట్ల దారి. బరువుకి నీళ్ల సీసాలు పెట్టుకో. లీటరంటే కిలో, లెక్క తేలిక. పైకి వెళ్లాక సగం చెట్లకి పోసేస్తే దిగేటప్పుడు మోకాళ్లు బతుకుతాయి. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసిన కాళ్లు నీవి, నాకు తెలుసు. కానీ ఒట్టి చేతులతో నడవడం వేరు, వీపున పది కిలోలతో దిగడం వేరు. ఎక్కేటప్పుడు ఊపిరి ఇబ్బంది పెడుతుంది, దిగేటప్పుడు తొడ కండరాలు వణుకుతాయి. ఆ వణుకు ఇంటి దగ్గరే పోగొట్టుకోవాలి. నాలుగో వారం ఏమీ మోయకు.

బూట్లు కూడా ఈ నడకల్లోనే మెత్తబడాలి. సాయంత్రం పూట కొను, పగలంతా తిరిగితే పాదం కాస్త ఉబ్బుతుంది. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. బొబ్బకి కారణాలు మూడే: రాపిడి, చెమట, వేడి. మన సముద్రపు గాలికి చెమట ఆరదు కాబట్టి నూలు సాక్సు వద్దు, తడిని పట్టి ఉంచుతుంది. ఉన్నివో, సింథటిక్‌వో రెండు జతలు తీసుకో. మడమ దగ్గర చురుక్కుమన్న మరుక్షణం ఆగు. స్నేహితురాలు ఏమనుకుంటుందో అని మొహమాటపడకు. బూటు విప్పి, పాదం ఆరనిచ్చి, మెడికల్ షాపు గుడ్డ టేపు ముడతలు లేకుండా అతికించు. పది నిమిషాలు ఆలస్యం చేస్తే అది బొబ్బ అవుతుంది, ఆపైన మూడు రోజులూ దానిదే రాజ్యం.

వెళ్లడానికి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. సొరంగాలు దాటుకుంటూ అనంతగిరి కొండలెక్కుతుంది, కిటికీ పక్క కూర్చో. గ్యాసు డబ్బా, కిరసనాయిలు రైల్లో తీసుకెళ్లడం నేరం. తొలిసారికి స్టవ్వే వద్దంటాను. అటుకులు, పల్లీలు, అనకాపల్లి బెల్లం, ఖర్జూరం, పుట్నాల పొడి రోజుకి 650 గ్రాములు చాలు. ఆ లెక్కలోనే మాడుగుల హల్వా ఓ పావుకిలో పెట్టుకో. నెయ్యి, జీడిపప్పు దండిగా ఉన్న తిండి, రోజుల తరబడి పాడవదు, రెండు ముక్కలు తింటే ఎత్తు ఎక్కేయొచ్చు. వేడిగా ఏదైనా కావాలంటే ఊళ్లల్లో టీ బడ్డీలున్నాయి, చోడి (రాగి) అంబలి దొరికితే వదలకు. అరకు నుంచి పాడేరుకి బస్సులో వెళ్లి, వంజంగి కొండ చూసుకుని, మాడుగుల, చోడవరం మీదుగా ఆర్టీసీ కాంప్లెక్సుకి దిగిపోండి.

డిసెంబరు చలిని తేలిగ్గా తీసుకోకు. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, దానికి తోడు రాత్రి చల్లగాలి బరువై లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది. అందుకే టెంటు పల్లం అడుగున వేయకు, కాస్త ఎగువన చదును చూసుకో. కిందనున్న నేల నీ ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి మ్యాటు లేకుండా ఎంత మంచి దుప్పటైనా దండగే. పడుకోవడానికి ఒక జత పొడి బట్టలు విడిగా కవర్లో ఉంచు, వాటితో నడవకు. టెంటు గాలి కిటికీ కాస్త తెరిచే ఉంచు, మూసేస్తే మీ ఊపిరి ఆవిరే తెల్లారేసరికి లోపలి నుంచి కారుతుంది. వంజంగి మీద మబ్బు మీ కాళ్ల కింద పరుచుకోవడం చూడాలంటే చీకట్లోనే ఎక్కాలి. తలకి కట్టుకునే టార్చీ, అదనపు బ్యాటరీలూ తప్పనిసరి. చెమట పట్టేంత వేగంగా ఎక్కితే పైన కూర్చోగానే గడ్డకట్టుకుపోతావు.

సంచితో గంటకి మూడు కిలోమీటర్లే లెక్కేసుకో, ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ ఇంకో అరగంట కలుపు. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, కొండ నీడలో ఇంకా ముందే. నాలుగు గంటలకల్లా బస చేరాలి. సర్వీసు జీపు దొరుకుతుందిలే అనుకుని ఆలస్యం చేయకండి. ఊరి పెద్దనో, పంచాయతీ వాళ్లనో అడగకుండా టెంటు వేయకండి. కాఫీ తోటలు ఎవరివో ఒకరివే, ఆ నెలల్లో పండు కోతలుంటాయి. మనుషుల్ని అడగకుండా ఫొటో తీయకు. మంట అసలు వద్దు.

నీళ్లు గంటకి అరలీటరు. గెడ్డలో (కొండవాగులో) నీళ్లు తేటగా ఉన్నాయని తాగేయకు, ఎగువన ఊరుంటుంది, పశువులుంటాయి. బాగా కళపెళ మరిగించిందో, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగిందో తాగాలి. ఎప్పుడైనా వానాకాలంలో వెళితే, మోకాలు దాటిన గెడ్డ దాటకు. పైన వాన ఆగాక కొన్ని గంటల్లో తగ్గుతుంది, కూర్చో. తప్పక దాటాల్సి వస్తే ముందు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పెయ్యి. జారిపడితే సంచి నిన్ను ముంచకూడదు.

ఘాట్‌లో ఫోను చాలాచోట్ల అందదు. ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఏ పూట వరకు ఫోను రాకపోతే కంగారు పడాలో కాగితం మీద రాసి అమ్మకి ఇవ్వు. రాసింది మార్చుకుంటే సిగ్నల్ దొరికిన మొదటి చోటే చెప్పు.

మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి ఫుల్ చేతుల చొక్కా, కాళ్లకీ చేతులకీ ఓడోమాస్ దోమల క్రీము. తిరిగొచ్చాక పదిహేను రోజులకైనా, నెలకైనా జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకు. మన్యానికి (ఏజెన్సీకి) వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పి ఆ రోజే రక్త పరీక్ష చేయించుకో. ఇంటికి రాగానే టెంటు నీడలో పూర్తిగా ఆరబెట్టి, వదులుగా మడిచి పెట్టు. మన ఊరి తేమకి తడి టెంటు వారంలో బూజు పట్టి, లోపలి పూత జిగురుగా ఊడిపోతుంది.

కొనే ముందు సంచి ఫొటో నాకు పంపు, నడుము పట్టీ కనబడేలా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
పెద వాల్తేరు, విశాఖపట్నం