మ్యూనిక్‌లో పాత మస్టాంగ్: లోన్ తీసుకుని బాగు చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది గుంటూరు, మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా జీతం, నా భార్య పార్ట్‌టైమ్ జీతం కలిపి నెలకు 5,900 యూరోలు చేతికొస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు, అమ్మానాన్నలకు పంపేది పోను 2,000 మిగులుతుంది. బ్యాంకులో 38,000 ఉంది. నాలుగేళ్ల పాప. తెలిసినాయన తన 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్నది), ఆరు సిలిండర్లది, 11,000 యూరోలకు ఇస్తానంటున్నారు. ఫ్లోర్ తుప్పు పట్టింది. బాగు చేయించి వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ఐదు గేర్ల గేర్‌బాక్స్, ఏసీ పెట్టించాలని ఉంది. ఇంకో 15,000 అవుతుందని నా అంచనా. 20,000 లోన్ తీసుకుని, ఐదేళ్లయ్యాక లాభానికి అమ్మి పాప చదువుకు వాడదామనుకుంటున్నాను. నా భార్యకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మస్టాంగ్ కొనుక్కోండి. కానీ ఈ కారు వద్దు, లోన్ వద్దు, పాప చదువును దీనికి ముడిపెట్టడం అసలే వద్దు.

ముందు లాభం సంగతి. 1966 మోడల్ మస్టాంగ్‌లు ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో దాదాపు ఐదు లక్షలు మీరు చూసినదానిలాంటి హార్డ్‌టాప్‌లే. అందుకే విడిభాగాలు ఇప్పటికీ తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. అరుదైన కారు కాదు కాబట్టి, పెట్టిన డబ్బంతా అమ్మేటప్పుడు వెనక్కి రాదు. ఆ రోజుల్లో జర్మనీలోనే టీ-5 పేరుతో అమ్మినదైతే కొంచెం ఎక్కువ పలుకుతుంది, కాగితాలు చూడండి. కొని ఏడాది దాటాక అమ్మితే జర్మనీలో మామూలుగా లాభం మీద పన్ను ఉండదు. అయితే ముందు లాభం రావాలి కదా.

ఇక మీ 15,000 అంచనా. ఈ కార్లలో పార్టులు కాదు, మనుషుల పని ఖరీదు. ఫ్లోర్ తుప్పు పట్టిందంటే నాకు మొదట వచ్చే అనుమానం, నీళ్లు పైనుంచి కారుతున్నాయని. ముందు అద్దం కింద గాలి వెళ్లడానికి సన్నని చీలికలున్న రేకు ఉంటుంది. ఆ కాలం మస్టాంగ్‌లలో దాని లోపలి భాగం తుప్పు పట్టి, వాన నీళ్లు లోపల కాళ్ల దగ్గర పడతాయి. దాన్ని మార్చాలంటే స్పాట్ వెల్డింగులన్నీ ఊడదీయాలి. ఆ మూల కారణం వదిలేసి ఫ్లోర్ ఒక్కటే వేయిస్తే అదీ మళ్లీ తుప్పు పడుతుంది. టింకరింగ్, పెయింటింగ్ కలిపి 150 గంటలనుకున్నా, గంటకు 100 యూరోల లెక్కన 15,000 అక్కడే అయిపోతుంది. ఇంజిన్ ఇంకా ముట్టుకోలేదు.

ఆరు సిలిండర్ల కారులో వీ8 పెట్టడమంటే ఇంజిన్ మార్చడంతో ఆగదు. ఆ కార్ల చక్రాలకు నాలుగే బోల్టులు, వీ8 కార్లకు ఐదు. ముందు సస్పెన్షన్, బ్రేకులు, వెనక యాక్సిల్, రేడియేటర్ అన్నీ వీ8 బరువుకీ బలానికీ తగ్గట్టు మార్చాలి. ఆ తర్వాత తనిఖీ చేయించి కాగితాల్లో ఎక్కించుకోవాలి. నా లెక్కలో ఇది 40,000 దాటే ప్రాజెక్టు.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది అదే: హెచ్ ప్లేట్, అంటే పాత కార్లకిచ్చే ప్రత్యేక నంబర్ ప్లేటు. 30 ఏళ్లు దాటి, అసలు రూపం నిలుపుకున్న కారుకు జర్మనీ ఆ ప్లేటు ఇస్తుంది. ఇంజిన్ ఎంత పెద్దదైనా ఏడాదికి పన్ను 191.73 యూరోలే. పొగ ఎక్కువ వదిలే కార్లను రానివ్వని మ్యూనిక్ పర్యావరణ జోన్‌లోకి, తక్కువ కాలుష్యం కార్లకిచ్చే ఆకుపచ్చ స్టిక్కర్ లేకుండానే వెళ్లొచ్చు. అది పోతే 4.7 లీటర్ల వీ8కి ఏడాది పన్ను 1,217 యూరోలు, పైగా ఆ జోన్‌లోకి రానివ్వరు. ఆ కాలంలో అదే మోడల్‌కు వచ్చిన వీ8కి, ముందు డిస్క్ బ్రేకులకు పెద్దగా అడ్డు చెప్పరు. ఇప్పటి గేర్‌బాక్స్, ఇంధన ఇంజెక్షన్, పెద్ద అల్లాయ్ చక్రాల దగ్గర పేచీ వస్తుంది. కాబట్టి ఏ పార్టు కొనాలన్నా ఆర్డర్‌కు ముందే తనిఖీ చేసే ఇంజినీర్‌ను కలిసి, ఏది ఒప్పుకుంటారో రాయించుకోండి.

లోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఇలాంటి పని సగంలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. మీరు బ్లూ కార్డ్ (ఉద్యోగంతో ముడిపడిన నివాస అనుమతి) మీద ఉంటే, ఉద్యోగం పోయిన రోజు నుంచి వీసా టెన్షన్ కూడా మొదలవుతుంది. ఆ సమయంలో విప్పేసిన కారు, అట్టపెట్టెల్లో పార్టులు, నెలనెలా వాయిదా మిగులుతాయి. విప్పిన కారుకు కొనేవాళ్లు చెప్పిందే రేటు.

మీ ఇంటి ఖర్చు నెలకు 3,900. ఆరు నెలలకు 23,400 పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. మిగిలేది 14,600. నెలకు మిగిలే 2,000లో 900 కారుకు, 1,100 పాప చదువుకూ మీ రిటైర్మెంట్‌కూ వేయండి. పాప డబ్బు ప్రపంచమంతటి షేర్లున్న ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెడితే సరిపోతుంది, ఇంకా పద్నాలుగేళ్ల సమయం ఉంది. 17 నెలల్లో కారు నిధి 29,900 అవుతుంది. అదే మీ పరిమితి. మొదటి ఏడాది రిపేర్లకు అందులో 4,000 ఉంచుకుని, మిగతా డబ్బుతో వేరొకరు బాగు చేయించేసిన కారు కొనండి. వాళ్లు పెట్టిన కూలి ఖర్చులో చాలా భాగం మీకు ఉచితంగా వచ్చినట్టే. మంచి బాడీతో వీ8 ఆ డబ్బుకి దొరక్కపోతే ఆరు సిలిండర్లదే తీసుకోండి. దానికి రెండు సర్క్యూట్ల బ్రేక్ మాస్టర్ సిలిండర్ (ఒక బ్రేక్ లైను లీకైనా రెండోది పనిచేసేది) మాత్రం మొదటే వేయించండి. 1966 మోడల్‌లో ఒకటే సర్క్యూట్, లీకైతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. పాపను ఎక్కించుకునే కారు కాబట్టి ఏసీ కంటే ఇది ముందు.

అమెరికాలోని పొడి రాష్ట్రాల నుంచి తెప్పించుకోవడం కూడా చూడొచ్చు. అసలు రూపంలో ఉన్న 30 ఏళ్లు దాటిన కారును సేకరణ వస్తువుగా ఒప్పుకుంటే కస్టమ్స్ సుంకం ఉండదు, దిగుమతి వ్యాట్ 7 శాతమే. బాగా మార్పులు చేసిన కారుకు ఈ వెసులుబాటు దక్కకపోవచ్చు. విడిభాగాలకు మాత్రం ధర, రవాణా, సుంకం కలిపిన మొత్తం మీద 19 శాతం వ్యాట్ పడుతుంది.

కొన్నాక గ్యారేజీ అద్దె, ఇన్సూరెన్స్, పన్ను, సర్వీసింగ్‌కు నెలకు 250 దాకా అనుకోండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకే నడిపేలా సీజన్ ప్లేటు తీసుకుంటే హెచ్ ప్లేట్ పన్ను ఏడాదికి 112 యూరోలకు తగ్గుతుంది.

ఈ లెక్క మీ శ్రీమతికి చూపించండి. ఆవిడ వద్దన్నది కారునో, లోన్‌నో అప్పుడు తెలుస్తుంది. కారు చూడ్డానికి వెళ్లినప్పుడు యజమాని అనుమతితో ముందు అద్దం కింది చీలికల్లో ఒక చెంబెడు నీళ్లు పోసి, లోపల కార్పెట్ ఎత్తి చూడండి. తడి కనిపిస్తే బేరం ఆడకుండా వచ్చేయండి.