నరకం అనే మాట కొట్టేయ్

తమ్ముడూ,

అండమాన్ సెల్యులార్ జైలు మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ ఆవేశం నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ‘నరకం’ అనే మాట ఐదుసార్లు వచ్చింది. ఐదూ కొట్టేసి, వాటి చోట గానుగ పెట్టు.

గానుగెద్దు బతుకు అని మనం అలవాటుగా అనేస్తాం. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ ఎద్దు చోట మనిషినే కట్టారు. ఎండుకొబ్బరి ఆడించి రోజుకు 30 పౌండ్ల నూనె తీయాలి, అంటే 13 కిలోల పైమాటే. తూకంలో తగ్గితే శిక్ష. ఈ లెక్క చెప్పి ఊరుకో. చదివేవాడి భుజాలు వాటంతటవే నొప్పెడతాయి.

గది కొలతలు రాశావు, బాగుంది. గడియ సంగతి మాత్రం వదిలేశావు. నేను వెళ్ళినప్పుడు ఎక్కువసేపు చూసింది దాన్నే. ఇనుప గడియ తలుపు దాటి పక్కగోడ దాకా పోతుంది, తాళం పడేది ఆ గోడలో తొలిచిన గూట్లో. ఊచల్లోంచి చెయ్యి చాపి చూశాను. అందలేదు. అందకూడదనే ఎవరో కూర్చుని, ఆలోచించి, కాగితం మీద గీశారు. నాకు ఆ గీసిన చెయ్యే గుర్తుండిపోయింది.

ఇంకో మాట. నీ కథ జైలు కట్టడం పూర్తయిన 1906లో మొదలైంది. అప్పటికే ఖైదీలు ఆ దీవుల్లో దిగి 48 ఏళ్ళు. 1858 మార్చిలో ఆ ఖైదీలకు అధికారిగా డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి అడవి కొట్టించాడు. పారిపోయి దొరికినవాళ్ళలో 86 మందిని ఒక్కరోజే ఉరి తీయించాడు. ఆఖరికి ఆ జైలు కట్టింది కూడా ఖైదీలే.

అలా పారిపోయినవాళ్ళలో దూధ్‌నాథ్ తివారీ ఒకడు. ఆ దీవుల ఆదివాసులైన అండమానీల బాణాలు తగిలినా బతికాడు, ఏడాదిపైగా వాళ్ళ మధ్యే ఉన్నాడు, పెళ్ళి కూడా చేసుకున్నాడు. 1859 మేలో వాళ్ళు తమ నేల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవాళ్ళ స్థావరమైన అబెర్డీన్ మీదికి బయల్దేరితే, ముందే వచ్చి తెల్లవాళ్ళకు చెప్పేశాడు. అతనికి క్షమాభిక్ష దొరికింది. విల్లంబులతో వచ్చినవాళ్ళు తుపాకుల ముందు కూలిపోయారు. ద్రోహి అని రాసేసి ముందుకు పోవాలనిపిస్తుంది. పోకు. అతని దగ్గర ఆగు.

మన్యం నుంచీ మనుషులు వెళ్ళారు. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండల్లో పుట్టిపెరిగిన మనిషిని సముద్రం మధ్యలో పడేయడమంటే ఏమిటో రాయి. అది తెలుగులో నువ్వు రాయగలవు.

పేరున్నవాళ్ళ గురించి అందరూ రాస్తారు. ఏ చరిత్రలోనూ పేరెక్కని ఖైదీ మెడలో ఒక చెక్కబిళ్ళ ఉండేది. దాని మీద నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ. ఆ చివరి తేదీని రోజూ గుండె మీద మోస్తూ తిరిగినవాడి దగ్గర నీ వ్యాసం మొదలుపెట్టి, మళ్ళీ నాకు పంపు.

మీ అన్నయ్య