పిన్ పెట్టేవాళ్ళు వందమంది, తీసేవాడు ఒక్కడూ లేడు

ప్రశ్న: నమస్తే అండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఊరి మీదకొచ్చినప్పుడు మా ఫ్రెండ్స్ అంతా కలిసి గూగుల్ మై మ్యాప్స్‌లో ఒక మ్యాప్ చేసి, ఎవరికి ఏం కావాలో వాళ్ళే పిన్ పెట్టుకోండి అని లింక్ వాట్సాప్‌లో వదిలాం. మొదటి రోజు బానే ఉంది. రెండో రోజుకి ఒకే ఇంటికి నాలుగు పిన్‌లు, కొన్ని ఎవరో డిలీట్ చేసేశారు. పులిహోర ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని ఛాతీ లోతు నీళ్ళలో పోతే ఆ ఇంటివాళ్ళు ముందు రోజే పడవెక్కి వెళ్ళిపోయారంట. అసలు ఈ మ్యాప్ గోల వేస్టేనా? మళ్ళీ అలాంటిది వస్తే ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేస్ట్ ఏం కాదండీ. అప్పుడు సామాన్లన్నీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి ఆగిపోవడం, ముందు సందులవాళ్ళకి రెండేసిసార్లు అందడం, లోపల డాబాల మీద కూర్చున్నవాళ్ళకి పాల ప్యాకెట్ కూడా దొరక్కపోవడం మీరూ చూసే ఉంటారు. లోపల ఎవరున్నారో అక్కడున్నవాళ్ళే చెప్పాలి. శాటిలైట్ చెప్పదా అంటారేమో, హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ళ శాటిలైట్ ఫోటోల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ రాడార్ బొమ్మలతో వరద మ్యాపులు చేస్తుంది, రాడార్‌కి మబ్బు అడ్డం కాదు కాబట్టి పొలాల మీద నిలిచిన నీళ్ళు బాగా దొరుకుతాయి, కానీ ఇళ్ళు ఇళ్ళు ఆనుకున్న సందులో నడుం లోతు నీళ్ళున్నా దానికి సరిగ్గా చిక్కవు, ఇంక మూడో అంతస్తులో షుగర్ మందులు అయిపోయిన ముసలావిడ సంగతి దానికేం తెలుస్తుంది.

మీకు దెబ్బ పడింది వేరే చోట. లింక్ ఉన్న ప్రతివాడూ మార్చగలిగే మ్యాప్ ఊరి బావి లాంటిది, అందరూ తోడుకునేవాళ్ళే గానీ పూడిక తీసేవాడు ఉండడు. 2018 వరదల్లో కేరళలో రిక్వెస్టుల కోసం ఏకంగా ఒక వెబ్‌సైటే పెట్టారు, అక్కడా ఇదే తంటా, ఒకే మనిషి గురించి చుట్టాలందరూ పెట్టేవాళ్ళు, వాలంటీర్లు కూర్చుని ఫోన్లు చేసి ‘ఇంకా అక్కడే ఉన్నారా’ అని కనుక్కోవాల్సొచ్చింది. ఆ ఫోన్ చేసేవాళ్ళే అసలు మ్యాప్ అని నా లెక్క.

అందుకని ఈసారి జనానికి మ్యాప్ ఇవ్వకండి, గూగుల్ ఫామ్ ఇవ్వండి. అది నింపితే షీట్‌లోకి వస్తుంది. షీట్‌ని కరెంటూ నెట్టూ ఉన్న ఊళ్ళో, గుంటూరో హైదరాబాదో, మీ బావో అక్కో ఎవరైనా ఇద్దరు పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పక్కన రాయాలి: కొత్తది, మాట్లాడాం, పడవ వెళ్ళింది, అయిపోయింది. ఎన్ని గంటలకి మాట్లాడారో కూడా రాయాలి, అది లేకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు. ఆరు గంటలు దాటిన పిన్‌ని మళ్ళీ ఫోన్ చేసేదాకా నమ్మొద్దు. షీట్‌లో ఎవడైనా ఏదైనా చెరిపినా పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకోవచ్చు, మై మ్యాప్స్‌లో ఆ సౌకర్యం లేదు. ఆ షీట్‌నే మై మ్యాప్స్‌లోకి ఎక్కిస్తే (ఇంపోర్ట్) పిన్‌లు పడతాయి. ఒక చిక్కుంది, షీట్ మార్చినంత మాత్రాన మై మ్యాప్స్ తనంతట తను మారదు, మళ్ళీ ఇంపోర్ట్ చేయాలి. రెండు గంటలకోసారి అని టైం పెట్టుకోండి, పడవల దగ్గరున్న కుర్రాళ్ళకి ఆ టైం తెలియాలి.

అడ్రస్ సంగతి. ‘రామాలయం పక్క సందు’ అంటే ఊళ్ళో ఎన్ని రామాలయాలో! ఫోన్‌లో జీపీఎస్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అది చూపించే అక్షాంశం, రేఖాంశం రెండు అంకెలూ మామూలు మెసేజ్‌లో పంపమనండి, చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే పది మీటర్లు అటూ ఇటూగా ఇల్లు దొరికినట్టే. విజయవాడ అంటే 16.5, 80.6 దగ్గర. ముందూ వెనకా తారుమారు చేశారో, మీ పడవ ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో తేలుతుంది. నవ్వకండి, ఈ పొరపాటు చేయని మ్యాప్ గ్రూప్ నాకింకా తగల్లేదు.

ఫోన్ నంబర్లు, ‘ఇంట్లో ఒక్కతే ఉంది’ లాంటి మాటలు, ఖాళీ చేసిన ఇళ్ళు ఇవేవీ బయటికి కనపడే మ్యాప్‌లో ఉండకూడదు. దొంగలకీ నెట్ ఉంటుంది. మ్యాప్‌లో ఒక సీరియల్ నంబర్ చాలు, వివరాలు షీట్‌లో మీ దగ్గరే. ప్రాణం మీదకొచ్చిన కేసైతే ముందు 112కో జిల్లా కంట్రోల్ రూమ్ 1077కో కొట్టి ఆ తర్వాతే మ్యాప్.

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా, మేం డాలస్‌లో ఉంటాం. వరదలప్పుడు డబ్బులు పంపడం తప్ప ఈ మ్యాపుల్లో మాలాంటోళ్ళు చేయగలిగిందేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, కానీ వరద రాకముందు చేసేది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గీయగలిగే ఫ్రీ మ్యాప్) దాదాపు ఖాళీ, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇళ్ళల్లో కూర్చుని శాటిలైట్ ఫోటోల మీద రోడ్లు గీస్తూ పోతే కొద్ది రోజుల్లోనే సహాయ బృందాలు వాడుకునే మ్యాప్ తయారైంది. నేపాల్‌లో అంత కంగారు పడక్కర్లేకపోయింది, 2015 ఏప్రిల్ భూకంపానికి ముందే కాఠ్మండూ లివింగ్ ల్యాబ్స్ అనే స్థానిక బృందం స్కూళ్ళు, ఆసుపత్రులతో సహా ఆ ఊరి మ్యాప్ చాలావరకు గీసి పెట్టింది.

మీరూ అదే చేయండి, మీ ఊరిది. వీకెండ్ రెండు గంటలు కూర్చుంటే ఇళ్ళు, డొంకలు, కాలవ గట్లు గీసేయొచ్చు, అకౌంట్ ఫ్రీ. ఆ మ్యాప్‌ని ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌ల్లో ముందే దింపుకుంటే టవర్లు పడిపోయినా ఫోన్‌లో కనిపిస్తుంది. పైనుంచి కనపడనివి మాత్రం ఊళ్ళోవాళ్ళనే అడగాలి: ఏ వీధిని ఏమంటారు, ఏ కల్వర్టు ముందు మునుగుతుంది, ఎత్తుగా ఉన్న బడి ఏది. అందుకు మీ పెద్దమ్మకి వీడియో కాల్ చేయండి, కాకపోతే చేతిలో గంటన్నర టైం ఉంచుకుని చేయండి, ఏ గట్టు ఏ ఏడు తెగిందో కూడా చెప్తుంది.