ఎన్నడూ కలవని డేనియల్ నరోడిట్‌స్కీ కోసం గుంటూరు పిల్లలు ఎందుకు ఏడ్చారు?

వాళ్లకు ఆయన గురువు కాబట్టి. ఈ అమెరికన్ చదరంగ గ్రాండ్‌మాస్టర్ 2025 అక్టోబరులో హఠాత్తుగా కన్నుమూశారు. 30 ఏళ్లు కూడా నిండలేదు. 2007లో 12 ఏళ్లలోపు బాలుర ప్రపంచ విజేత, 2013లో గ్రాండ్‌మాస్టర్, కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలో ఆరితేరినవారు. అయితే పిల్లల మనసు గెలిచింది ఆ పతకాలు కావు, ఆయన బోధన. ఆన్‌లైన్‌లో తక్కువ రేటింగ్‌తో (ఆట స్థాయిని చూపే అంకె) ఖాతా మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి వెళ్తూ, ఏ ఎత్తు ఎందుకు వేస్తున్నారో ఆడుతూనే విడమరిచి చెప్పేవారు. ఆ వీడియోలు యూట్యూబ్‌లో ఉచితం.

పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారికలను ఇచ్చిన గుంటూరుకు చదరంగం కొత్త కాదు. కానీ మంచి శిక్షణకు డబ్బు కావాలి, అది అందరి ఇళ్లలో ఉండదు. బ్రాడీపేటలో నా దగ్గరికి వచ్చే పదేళ్ల అబ్బాయి నోటుపుస్తకంలో రాజు–బంటు ముగింపులన్నీ ఆయన వీడియోలను ఆపి ఆపి పెన్సిలుతో గీసుకున్నవే. వార్త తెలిసిన సాయంత్రం వాడు ఆట ఆడలేదు. కొత్త పేజీ తీసి ఆయన పేరు తెలుగులో రాసుకున్నాడు. అందులో ఒక ఒత్తు తప్పింది. నేను దిద్దలేదు.