మైకులో చెప్పారు, మాకు అందలేదు

ఈ నెల ఉత్తరాలు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చాయి. జవాబులు ఇస్తున్నది పర్లాకిమిడిలో పుట్టి, చాలా ఏళ్లుగా బరంపురంలో కమ్యూనికేషన్ కన్సల్టెంట్‌గా పనిచేస్తున్న మా కాలమ్ రచయిత్రి.

ప్రశ్న: మేడమ్, మాది బరంపురం. మా వీధి వాట్సాప్ గ్రూపు నేనే చూసుకుంటాను. మొన్న తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు సముద్రం ఊళ్లోకి వచ్చేసిన వీడియో ఒకటి గోపాల్‌పూర్‌దని నమ్మి గ్రూపులో పెట్టాను. అది మన దేశానిదే కాదట. మా పెద్దత్త రాత్రంతా నిద్రపోలేదు, బీపీ పెరిగి ఆస్పత్రికి తీసుకెళ్లాం. సిగ్గేసి గ్రూపు వదిలేద్దామనుకుంటున్నాను.
– ఒక గృహిణి

జవాబు: వదలకండమ్మా. మీరు వెళ్లిపోయినా ఆ వీడియో అక్కడే ఉంటుంది. ‘ఇది గోపాల్‌పూర్ కాదు, నేను చూసుకోకుండా పెట్టాను, క్షమించండి’ అని మీ గొంతుతోనే వాయిస్ మెసేజ్ పెట్టండి. టైపు చేస్తే మీ పెద్దత్తగారి లాంటివాళ్లు చదవరు. తప్పుడు మాట ఎవరి నోట విన్నారో దిద్దుబాటూ ఆ నోటే వింటే జనం నమ్ముతారు. ఇకమీదట ఎవరు వీడియో పంపినా ఎక్కడిది, ఎప్పటిది, తీసిందెవరు అని అడగండి. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. 2020లో ఆ రెండు బాణాల మెసేజ్‌ని ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. ఊరికే చెయ్యలేదు. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రాయిన్‌పాడాలో సంతకొచ్చిన సంచార జాతి మనుషులు ఐదుగురిని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకొని కొట్టి చంపేశారు. అప్పట్లో ఆ పుకారు ఊరూరా ఫోన్లలో తిరుగుతోంది.

మీ ఉత్తరం చదువుతుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పుకారుని మనం అంత తొందరగా ఎందుకు నమ్ముతాం? అది మన మాటలో వస్తుంది. అసలు కబురు చాలాసార్లు మన మాటలో రాదు.

2013 అక్టోబరులో పైలిన్ తుఫాను వస్తోందన్నప్పుడు నేను గోపాల్‌పూర్ దగ్గర ఒక మత్స్యకార పల్లెలో ఉన్నాను. ఆ తీరంలో వేటకెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. ఒడియావాళ్లు వాళ్లని నోళియాలంటారు. ఆటోకి కట్టిన మైకు ఒడియాలో చెప్పుకుంటూ పోతోంది. తుఫానుకి బాత్యా, అల్పపీడనానికి లఘుచాప, అన్నీ పుస్తకాల మాటలు. మగవాళ్లకి ఒడియా వచ్చు, చేపలమ్మే ఆడవాళ్లకి ఇంకా బాగా వచ్చు. కానీ వాళ్లకొచ్చింది బజారు ఒడియా. సరే, తెలుగులో నేను రాస్తానని కాగితం తీసుకొని కూర్చున్నాను. ‘తుఫాను రేపు రాత్రి గోపాల్‌పూర్ వద్ద తీరం దాటుతుంది’ అని రాసి చదివాను. పేపర్లో, టీవీలో ఎప్పుడూ వినే వాక్యమే. పక్కనే ఒక అవ్వ రేకు డబ్బాలోకి బియ్యం పోస్తోంది. విని, ‘దాటిపోద్దట గదా, మరింకేటి బయిం?’ అంది. డబ్బాకి మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నాకు గుండె జారిపోయింది. వాతావరణ శాఖ భాషలో తీరం దాటడమంటే సముద్రం మీదున్న తుఫాను నేల మీదకి ఎక్కడం. అసలు ప్రమాదం మొదలయ్యేదే అప్పుడు. మామూలు తెలుగులో దాటడమంటే వెళ్లిపోవడం. ఏరు దాటాం అంటాం, గండం దాటింది అంటాం. ఆ అవ్వ తెలుగే సరైన తెలుగు, తప్పంతా నా కాగితానిది. దాన్ని చింపేసి ఊరిపెద్దని పిలిచి, ఆయన ఎలా చెబుతాడో అలాగే చెప్పమన్నాను. ‘రేపు రాత్రి గాలివాన మనూరి మీద పడిపోద్ది. తొంబైతొమ్మిది నాటి గాలివానంత ఉంటాది’ అన్నాడు. గంటకి 200 కిలోమీటర్ల గాలి అంటే తలూపి ఊరుకున్నవాళ్లు, తొంబైతొమ్మిది అనగానే లేచి నిలబడ్డారు. 1999లో అక్టోబరు 17న ఒక తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే పడింది. 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది పోయారు. ఆ ఏడాది అంకె వాళ్లకి కిలోమీటర్ల కంటే బాగా అర్థమవుతుంది. ఆయన ఇంకో మాట కూడా చేర్చాడు: ‘మద్దెలో గాలి ఆగిపోద్ది. ఆగింది గదా అని ఇళ్లకాడికి పోకండి, మళ్లీ ఎదురేపు నించి కొడతాది.’ తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు జరిగేది అదే. ఆ మాట నా కాగితంలో లేనే లేదు.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే నేలెక్కింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, అంత పెద్ద తుఫానుకీ పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. ఆ అవ్వ షెల్టర్లో బియ్యం డబ్బా ఒళ్లో పెట్టుకొని గోడకి ఆనుకొని కూర్చోవడం నేను చూశాను.

2018లో గంజాంతో కలిపి ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల సైరన్ టవర్లు మొదలయ్యాయి. ఇప్పుడు ఫోను కూడా భోరున మోగి హెచ్చరిక చూపిస్తోంది. చాలా మంచి పని. సైరన్‌కి భాషతో పని లేదు. అది మోగాక ఎటు పోవాలి, మేకల్ని తోలుకెళ్లొచ్చా, షెల్టర్లో బాలింతలకి వేరే గది ఉందా అన్నవి మాత్రం తెలిసిన మనిషి ఎవరో చెప్పాలి. మీ వీధికి ఆ మనిషి మీరే. అందుకే వదలొద్దంటున్నాను.

ప్రశ్న: మా తాతల నాటి నుంచీ పర్లాకిమిడిలోనే ఉన్నాం. వీధి కాలవ గురించి తెలుగులో అర్జీ రాసి తీసుకెళ్తే ఒక ఆఫీసు కౌంటర్లో ‘ఒడియాలో రాసుకురండి’ అని తిప్పి పంపారు. తెలుగులో అర్జీ ఇచ్చే హక్కు మనకి లేదా?
– ఒక రిటైర్డ్ గుమాస్తా

జవాబు: ఉంది బాబుగారూ. రాజ్యాంగం 350వ అధికరణం చూడండి. తన బాధ చెప్పుకోడానికి ఎవరైనా సరే, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. పర్లాకిమిడిలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు. 2005 చట్టం 6వ సెక్షన్ ప్రకారం అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి, అంటే ఇక్కడ ఒడియా. ఈ రెండింటినీ ఒకటే అనుకొని మనవాళ్లు కౌంటర్ దగ్గరే వెనక్కి తగ్గుతున్నారు.

తెలుగు అర్జీ తెలుగులోనే ఇవ్వండి, పైన 350వ అధికరణం అని రాయండి. దానికి ఒడియాలో నాలుగు లైన్లు జతచేయండి. మీ మనవలు ఒడియా బడికే వెళ్తుంటారు కదా, వాళ్ల చేత రాయించండి. ఒడియా జతచేస్తే హక్కు వదులుకున్నట్టు కాదు, ఫైలు చూసేవాడికి చదవడం వస్తేనే కదా కాలవ పని కదిలేది. తేదీ వేసి ముద్ర కొట్టిన నకలు లేకుండా మాత్రం అక్కడి నుంచి రాకండి.

ప్రశ్న: మా అత్తగారికి పోలీసు డ్రెస్సులో ఎవరో వీడియో కాల్ చేసి, మీ పేరు మీద పార్సిల్ దొరికింది, డిజిటల్ అరెస్ట్ చేశాం, కదలొద్దు అన్నాడు. హిందీలో గద్దిస్తుంటే సగం అర్థంకాక ఇంకా హడలిపోయింది. ఏం చెయ్యాలి?
– గుణుపురం పాఠకురాలు

జవాబు: డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. కాల్ కట్ చెయ్యడమే. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. మీ అత్తగారి టెన్షన్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అర్థంకాని భాషలో అధికారంగా అరిస్తే చదువుకున్నవాళ్లకే కాళ్లాడవు. ‘నా కోడలితో మాట్లాడండి’ అన్న ఒక్క వాక్యం హిందీలో నేర్పించండి, రోజూ ఒకసారి అనిపించండి.

ప్రశ్న: మేడమ్, నేను రాయగడలో డిగ్రీ చదువుతున్నా. మన జిల్లా వార్తలతో తెలుగులో యూట్యూబ్ ఛానల్ పెట్టాలని ఉంది. మా మాటలో ఒడియా ముక్కలు ఎక్కువని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. ఏఐ గొంతుతో చదివించమంటున్నారు. మీరేమంటారు?
– ఒక విద్యార్థి

జవాబు: నీ గొంతుతోనే చెప్పు నాయనా. నేను విన్న ఏఐ గొంతులన్నీ టీవీ తెలుగే మాట్లాడాయి. మన ఊళ్ల పేర్లు పలికించబోతే సగం తప్పు వచ్చాయి. ఊరి పేరే తప్పు పలికితే ఆ ఊరివాళ్లు ఇక వినరు.

పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు కొండల మీది సవరల భాష ఆ మనుషుల దగ్గరే నేర్చుకొని దానికి పాఠాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మాట్లాడే తెలుగులోనే రాయాలని ఏళ్ల తరబడి పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇక్కడే ఉండిపోయినవాళ్ల మనవలం మనం. మన మాటలో ఒడియా కలవకపోతేనే వింత.

నీ ఛానల్ అవసరం ఎంతుందో నాకు 2018లో బాగా తెలిసింది. ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర నేలెక్కింది. తెలుగు ఛానళ్లు శ్రీకాకుళం జిల్లా చూపించాయి, చూపించాల్సిందే. అదే తుఫాను వానలకి ఇటు గజపతి జిల్లా బరఘరాలో గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి పది మందికి పైగా చనిపోయారు. ఆ కబురు నాకు తెలుగులో వినపడలేదు, ఒడియాలో తెలిసింది. మనకీ ఆ పల్లెకీ మధ్య రాష్ట్రం సరిహద్దు కూడా లేదు.

మొదట్లో రాజకీయాల జోలికి పోకు. బస్సు టైములు, ఆస్పత్రిలో ఏ రోజు ఏ డాక్టరు ఉంటారు, రేషన్ ఎప్పుడిస్తారు, సంతలో చింతపండు ధర ఎంత, ఇవి సరిగ్గా చెప్పు. ఒక్కటి తప్పైనా మర్నాడు వీడియో మొదట్లోనే దిద్దు, చివర్లో దాచకు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిన కేసుల్లో పేరు, ఫొటో, ఇల్లు, బడి ఏదీ చూపించొద్దు, పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం అది నేరం. కొండ పల్లెకి వెళ్తే సవరలో గానీ కోందుల భాష కువిలో గానీ మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్లు, వాళ్ల మాట ముందు వినిపించి ఆ తర్వాత తెలుగులో చెప్పు.

మొదటి వీడియో యూట్యూబ్‌లో పెట్టే ముందు ఈ పత్రిక చిరునామాకి పంపు. నేను చూడకముందు మీ ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించు. వాళ్లు ఎక్కడ ‘ఏటన్నావు?’ అని అడిగారో ఆ చోటు రాసి పెట్టుకో, అది కూడా నాకు పంపు.