ఆదివారం లోపు కుక్కని తిరిగి ఇచ్చేయమంటున్నారు

ప్రశ్న: మాది విశాఖలో పీఎం పాలెం. పది రోజుల క్రితం షెల్టర్ నుంచి రెండేళ్ళ ఆడ వీధికుక్కని తెచ్చుకున్నాను, మల్లి అని పేరు పెట్టాం. పగలంతా మంచం కిందే ఉంటుంది, రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి తింటుంది. మొన్న మా బాబు (ఎనిమిదేళ్ళు) మంచం కింద చెయ్యి పెడితే గుర్రుమంది. అత్తయ్యకి తెచ్చాకే చెప్పాను, అప్పటినుంచీ ముభావంగా ఉన్నారు. మా ఆయన ఆదివారం లోపు తిరిగి ఇచ్చేద్దామంటున్నారు. దాన్ని చూస్తే జాలి, వీళ్ళని చూస్తే కోపం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మల్లికి మీరంటే ఇష్టం లేదని మాత్రం అనుకోకండి. వీధిలో పెరిగిన కుక్కకి నాలుగు గోడలు, మిక్సీ మోత, లిఫ్టు తలుపు, పైన తిరిగే ఫ్యాను, అన్నీ కొత్తే. వీధిలో భయమేస్తే పారిపోవడానికి ఎటో ఒక దారి ఉండేది, మీ ఫ్లాట్‌లో దానికి దొరికింది ఆ మంచం కింద చోటే. కుక్కల్ని కాపాడి ఇళ్ళకిచ్చేవాళ్ళు ఒక లెక్క చెబుతుంటారు, మొదటి 3 రోజులు బెదురు, 3 వారాలకి ఇంటి పద్ధతులు తెలుస్తాయి, 3 నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది అని. అది అంచనా మాత్రమే, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. పది రోజులకే రాత్రిపూట లేచి గిన్నె ఖాళీ చేస్తోందంటే నాకైతే అది బాగానే కుదురుకుంటున్నట్టు అనిపిస్తోంది.

గుర్రుమన్నందుకు దాన్ని తిట్టకండి. దగ్గరికి రావద్దని చెప్పడానికి దానికున్న మాట అదొక్కటే. తిట్టి మాన్పిస్తే భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది, ఆ తర్వాత చెప్పకుండా కరుస్తుంది. బాబుకి గట్టిగా చెప్పండి: మంచం కింద చెయ్యి పెట్టకూడదు, తింటున్నప్పుడూ పడుకున్నప్పుడూ ముట్టుకోకూడదు. ఆ వయసు పిల్లలకి చెబితే అర్థమవుతుంది గానీ ఆటలో గుర్తుండదు, కాబట్టి పెద్దవాళ్ళు లేకుండా ఇద్దర్నీ ఒకే గదిలో వదలొద్దు. ఒకవేళ పన్ను గీరుకున్నా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కుక్కకి టీకా వేయించాం కదా అని ఆగకండి.

సాయంత్రాలు ఒక పని చెయ్యండి. మంచానికి కాస్త ఎడంగా, దానికి పక్కకి తిరిగి, నేలమీద కూర్చోండి. దాని కళ్ళలోకి చూడకుండా మీ పాటికి మీరు చిక్కుడుకాయలు ఒలుచుకోండి. ఉప్పూ ఉల్లిపాయా వేయకుండా ఉడికించిన చికెన్‌లో ఎముక తీసేసి (ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం) చిన్న ముక్క మీకూ దానికీ మధ్యలో వేసి ఊరుకోండి. ముందు ముక్కు బయటికొస్తుంది, తర్వాత మెడ సాగుతుంది, వెనక కాళ్ళు మాత్రం మంచం కిందే పాతుకుని ఉంటాయి, పారిపోవడానికి సిద్ధంగా. ఆ సమయంలో మురిసిపోయి చెయ్యి చాపారో, రెండు రోజుల శ్రమ పోయినట్టే. వెనక కాళ్ళు కూడా బయటికొచ్చి, అదే మీ చెయ్యి వాసన చూసేదాకా ఆగండి.

ఇక మీ అత్తగారి సంగతి. నాకు మల్లి కన్నా ఇదే పెద్ద సమస్యగా కనిపిస్తోంది. అది ఆవిడ ఇల్లు కూడా. ఇంట్లోకి ఒక ప్రాణిని తెస్తూ మాట మాత్రమైనా అడక్కపోతే, కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళకైనా మనసు కష్టపడుతుంది. వెళ్ళి, ‘అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా తేవడం తప్పే’ అనండి, ఆ వాక్యానికి ‘కానీ’ తగిలించకండి. తర్వాత ఆవిడ షరతులు అడగండి. దేవుడి గదిలోకి, వంటింట్లోకి రాకూడదంటే ఆ గుమ్మాలకి చిన్న అడ్డు గేటు పెట్టించండి, బొచ్చు ఊడ్చే పని ఆవిడ మీదా పనిమనిషి మీదా వెయ్యకుండా మీరే చూసుకోండి. కరుస్తుందన్న ఆవిడ భయాన్ని కొట్టిపారెయ్యకండి, రేబిస్ వచ్చిందంటే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం, ఆ భయం న్యాయమైనదే. టీకాల పుస్తకం తెచ్చి చూపించండి, అందులో లేకపోతే ఈ వారమే వేయించండి.

మీ ఆయన దగ్గర ‘మీరెప్పుడూ మీ అమ్మ పక్షమే’ అని మొదలుపెట్టకండి. ఆదివారం గడువుకి బదులు మూడు నెలలు అడగండి, ఉదయం తిప్పే పని ఆయనకివ్వండి. రోజూ పట్టీ పట్టుకు నడిస్తే ఆయనకీ దానికీ మాటా మంచీ మొదలవుతుంది. పట్టీ మాత్రం మెడకొకటి, ఒంటికి వేసే హార్నెస్‌కొకటి, రెండు ఉండాలి. భయపడిన కుక్క మెడపట్టీలోంచి తల ఇట్టే లాగేసుకుంటుంది, మీ వైపు గేటు దాటి పరిగెత్తితే వచ్చేది హైవే. దీపావళి రోజుల్లోనూ, నేవీ విన్యాసాల కోసం యుద్ధ విమానాలు రిహార్సల్ చేసే రోజుల్లోనూ తలుపులు మరీ జాగ్రత్త.

ఆదివారం ఎటూ ఇంట్లో ఉంటారుగా, ఇద్దరూ కలిసి దాన్ని పశువుల డాక్టరుకి చూపించండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన దగ్గర మామూలే, ఎక్కడైనా నొప్పి ఉన్నా కుక్క ఇలాగే మూల చేరి గుర్రుమంటుంది, అదేమీ లేదని తేలితే మీ ఇంట్లో వాళ్ళకీ సగం టెన్షన్ తగ్గుతుంది.

మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించాక కూడా బాబు మీదికి వస్తుంటే, అప్పుడు ఇచ్చెయ్యడం పాపమేమీ కాదమ్మా. తెచ్చిన షెల్టర్‌కే ఇవ్వండి, జరిగింది దాచకుండా చెప్పండి, దాన్నిబట్టి పిల్లలు లేని ఇల్లు చూస్తారు. ఎవరెంత తొందరపెట్టినా బీచ్ దగ్గరో ఏ సందులోనో మాత్రం వదిలెయ్యకండి. అక్కడ ముందే ఉన్న కుక్కలు దాన్ని బతకనివ్వవు.